తొమ్మిదో రేకు

పొద్దుగాల అయిదున్నరకు గేటు తాళం తీస్తడు మొగిలి.
"ఇయ్యాల గూడ పాములకేనా, మేడం?"
పాములకే.

హన్మకొండల, గుట్ట కింది పార్కుల
పన్నెండు ఇనుప రేకులు పరిచిపెట్టిన.
ఒక్కోటి పీటంత, మూలకు తెల్లరంగుతోని నంబరు.
మిర్గం కార్తె నుంచి ఆదివారమాదివారం
లేపి చూసుడు, రాసుకునుడు, మల్ల పండవెట్టుడు.

రేకును మన దిక్కు లేపాలె,
నడుమ తలుపు లెక్క.
అది అటు పోతది, మనం ఇటు ఉంటం.
ఎన్నిసార్లు లేపినా
ఎవలో పన్నప్పుడు దుప్పటి గుంజినట్టే ఉంటది.

ఒకటి: తడిమన్ను, రెండు జెర్రులు.
రెండు: సున్న.
మూడు: సున్న.
సున్న గూడ రాయాలె.
లేదు అని రాసుడు వేరు,
అగుపడలేదు అని రాసుడు వేరు,
ఇది నేర్వనీకె నాకు రెండేండ్లు పట్టింది.

నాలుగు: నీరుకట్టె పిల్ల, పెన్నంత.
నేను గడియారం చూసేలోపు
మోరీల కలిసిపోయింది.

ట్రాక్ మీద నడిచేటోళ్లు ఆగుతరు.
"పట్టినవా?"
"చూసిన."
"చూస్తే ఏమొస్తది?"
రిటైర్డ్ తాసీల్దారు వీరభద్రం సార్
నీళ్లసీసా మూత తిప్పుకుంట అంటడు:
"మొత్తం ఎన్నో ఒక్క లెక్క రాసియ్యి బిడ్డా,
జేసీబీ పెట్టించి పొదలన్ని సాపు జేపిస్తం."

అయిదు, ఆరు. చీమలు వాటి గుడ్లను మోసుకపోతున్నయి.

ఏడో రేకు లేదు.
అది గేటు బయట మిరపకాయ బజ్జీల బండికి
గాలి అడ్డం నిలవడ్డది.
ఏడు తలకిందులై ఉన్నది, నూనె మరకల నడుమ.
రేకున్న జాగల గడ్డి తెల్లగ పాలిపోయింది,
ఆ తెలుపుల ఏదో పండి లేచిపోయిన వంపు.
పుస్తకంల రాసిన: రేకు లేదు, వంపు ఉంది.

సారక్క ఊడ్సుకుంట వస్తది.
ఆకుల కుప్పల చెయ్యి పెట్టేముందు
చీపురుతోని నేలను రెండుసార్లు తడుతది,
వచ్చేది నేనే అని చెప్పినట్టు.
పేరు పలుకది. పురుగు అంటది.
"పంపు రూం యెనుక పెద్ద జెర్రిపోతు పురుగున్నది,
నాలుగేండ్లాయె. ఎలుకలు బందైనయి సూడు."
"ఎవలకు చెప్పలేదా?"
"చెప్తె కట్టె వట్టుకొస్తరు."

కొంచెంసేపు ఊడ్సి, మల్ల తనే:
"మా తమ్మునికి ముట్టింది. పత్తిచేన్ల, నడిరాత్రి.
ఎంజీఎం గేటు దాక గూడ రాలే."
చేసింది కట్లపాము, జెర్రిపోతు కాదని
ఆమెకు ఎవలూ చెప్పకముందే తెలుసు.

నా పుస్తకంల గళ్లున్నయి:
టైము, ఎండ, మబ్బు, పొడువు, ఏ దిక్కు పోయింది.
సారక్క చెప్పింది ఏ గడిల రాయాల్నో
కలం పట్టుకొని అట్లనే కూసున్న.

ఎనిమిది: సున్న.

తొమ్మిది లేపంగనే ఇద్దరం కూసున్నం.
కుబుసం.
మొత్తానికి మొత్తం, ఎక్కడా చిరగలే,
లోపలిది ఇప్పుడే బయటికి పోయినట్టు ఇంక తడి తడి.
టేపు పెట్టిన: ఆరడుగుల రెండంగుళాలు.
కుబుసం సాగుతది, సారక్కా.
ఇడిచిపెట్టింది
ఇడిచిపోయినదానికంటె పొడుగుంటది.

ఆమె తల దగ్గర వంగింది.
కండ్ల మీద రెండు చిన్న అద్దాలు,
ఉల్లిపొరంత పలుచన, పొద్దు వాటిల నుంచి దిగుతున్నది.
"కండ్లు గూడ ఇడిసి పోతదా ఇది?"
"కండ్లు కాదు, కండ్ల మీది పొర."
"అదే గదా," అన్నది.

పది, పదకొండు, పన్నెండు.
ఎండ ఎక్కింది, కాజీపేట దిక్కు రైలు కూసింది.

బెంచీ మీద వీరభద్రం సార్ ఇంక కూసోనే ఉన్నడు.
"ఎన్ని తేలినయి బిడ్డా?"
"పన్నెండు, సార్."
ఆయన మొకం తెల్లబోయింది.
"రేకులు. ఒకటి పోయింది."

పంపు రూం యెనుక
చీపురు రెండుసార్లు నేలను తట్టింది.